సప్తగిరి, యాదగిరి: టీవీ ప్రాంతాలకు పేర్లు ఎలా పడతాయి

రిమోట్ పట్టుకుని తెలుగు ఛానళ్ల వరుసలో పోతుంటే రెండు కొండలు తగులుతాయి: డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి. ఇంకాస్త తిప్పితే మరాఠీకి సహ్యాద్రి, గుజరాతీకి గిర్నార్. కన్నడానికి కొండ లేదు, చందనం ఉంది. మలయాళం, బాంగ్లా, ఒడియాలకు భాష పేరే ఛానల్ పేరు. బీహార్, రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లకు రాష్ట్రం పేరు. కశ్మీర్ దగ్గర ‘కాశిర్’ అని ఉంటుంది. కశ్మీరీల సొంత మాట అది. అన్నీ దూరదర్శన్‌వే, పేర్లు మాత్రం తలో దారీ పట్టాయి.

నోటికొచ్చినట్టు పెట్టిన పేర్లు కావివి. ప్రసార ప్రాంతం అని మనం ఒక్క మాటలో అనేదాని వెనక మూడు గీతలుంటాయి. సిగ్నల్ ఎంతవరకు అందుతుందన్నది ఒకటి. చూసేవాళ్లు ఏ భాష మాట్లాడతారన్నది రెండోది. వాళ్లు ఏ ప్రభుత్వం కింద ఉన్నారన్నది మూడోది. మూడూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితే పేరు పెట్టడం నిమిషం పని. కానీ అవి అలా పడవు. పెట్టిన రోజున ఏ గీత బలంగా ఉంటే పేరు దాన్ని పట్టుకుంటుంది. తర్వాత గీత జరిగిపోతుంది, పేరు మాత్రం పాత చోటే ఉండిపోతుంది.

టవర్ గీసిన గుండ్రం

మొదటి గీత భౌతికశాస్త్రానిది. నేల మీది టవర్ నుంచి బయల్దేరిన టీవీ తరంగం దాదాపు చూపు మేరకే వెళ్తుంది; భూమి వంపు అడ్డం రాగానే బలం పడిపోతుంది. ఎంత దూరమో కాగితం మీద లెక్క కట్టొచ్చు. టవర్ ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలం కట్టాలి. ఇంటి మీది యాంటెన్నా ఎత్తుకీ అలాగే కట్టాలి. రెండూ కూడి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి.

చెన్నై దూరదర్శన్ టవర్ సుమారు 175 మీటర్లు. వర్గమూలం 13.2. డాబాతో కలిపి నేల నుంచి 10 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకి 3.2. కూడితే 16.4, గుణిస్తే 67 కి.మీ. పైచిలుకు. ఇప్పుడు మ్యాపు తీసి ఆ టవర్ ఉన్న చెపాక్ నుంచి ఉత్తరానికి గాలిలో కొలవండి. తడ దాదాపు 64 కి.మీ., గుండ్రం లోపలే. సూళ్లూరుపేట 75 దాటుతుంది, గుండ్రం బయట. సూళ్లూరుపేట లోపలికి రావాలంటే యాంటెన్నా దాదాపు 27 మీటర్ల ఎత్తుకు లేవాలి. అంటే డాబా మీద పైపు సరిపోదు, ప్రత్యేకంగా స్తంభం పాతాల్సిందే. గుండ్రం అంచు దాటినా కొంత సిగ్నల్ వంగి వస్తుంది కాబట్టి బూస్టర్ పెట్టి లాక్కునేవాళ్లుంటారు. వాతావరణం అనుకూలిస్తే బొమ్మ, లేకపోతే తెర నిండా చుక్కలు.

గుండ్రం లోపల ఉన్నంత మాత్రాన హామీ ఏమీ లేదు. మధ్యలో కొండ అడ్డుంటే ఆ వెనక ఊరికి నీడ పడుతుంది. పక్కనే పెద్ద భవనం ఉంటే నేరుగా వచ్చిన తరంగం వెనకే తిరిగి కొట్టుకొచ్చిన తరంగం ఒకటి వచ్చి, బొమ్మ పక్కన మసక బొమ్మ నిలబడుతుంది. యాంటెన్నా కొలత కూడా ఛానల్‌ని బట్టే. 61–68 మెగాహెర్ట్జ్‌లో వచ్చే 4వ ఛానల్‌కి అడ్డకడ్డీ రెండుంపావు మీటర్లు కావాలి. 174 నుంచి 230 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే పై బ్యాండుకి ముప్పావు మీటరు చాలు. ఒకదానికి కొన్న యాంటెన్నాతో రెండోది పట్టాలని చూస్తే ఎంత తిప్పినా ఫలితం అంతంతే.

తడ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, గుండ్రం మాత్రం మద్రాసుది. ఈ గుండ్రానికి పేరేమిటి? ఆకాశవాణి దీనికి సులువైన జవాబు కనిపెట్టింది: స్టూడియో ఎక్కడుంటే ఆ ఊరి పేరు. ‘ఆకాశవాణి, విజయవాడ కేంద్రం’ అన్నప్పుడు అది ఎవరి కోసమో, ఎంతవరకు వినిపిస్తుందో చెప్పదు. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో మాత్రమే చెబుతుంది. అబద్ధం లేని పేరు అది. 1976 ఏప్రిల్‌లో ఆకాశవాణి నుంచి విడిపోయాక కూడా దూరదర్శన్ అదే పద్ధతి ఉంచుకుంది: మద్రాస్ కేంద్రం, హైదరాబాద్ కేంద్రం.

గుండ్రాల పేర్ల కథ విరగపూసింది బ్రిటన్‌లో. 1954 టెలివిజన్ చట్టం కింద అక్కడ ప్రైవేటు టీవీని ఒకే కంపెనీకి ఇవ్వకుండా ప్రాంతాలవారీగా పంచారు. లండన్‌లో 1955 సెప్టెంబర్ 22న ప్రసారం మొదలైంది. కాంట్రాక్టులో రాసే ప్రాంతానికి హద్దు జిల్లా కాదు, ట్రాన్స్‌మిటర్. పేరు మాత్రం కంపెనీ ఇష్టం. ఈశాన్య ఇంగ్లాండ్ కంపెనీ టైన్, టీస్ అనే రెండు నదుల పేర్లు కలిపి ‘టైన్ టీస్’ అయింది. స్కాట్లాండ్ ఉత్తరాన గ్రాంపియన్ కొండల పేరు. మాంచెస్టర్ కంపెనీది అన్నిటికంటే విడ్డూరం: దాని పేరు ‘గ్రనడా’, స్పెయిన్‌లోని ఊరు. యజమానుల సినిమా హాళ్ల గొలుసు పేరు అదే కాబట్టి టీవీకీ తగిలించారు. చివరికి ఉత్తర ఇంగ్లాండ్‌నే జనం ‘గ్రనడాలాండ్’ అనే దాకా వచ్చింది. ప్రాంతం నుంచి పేరు పుట్టడం మామూలే, ఇక్కడ పేరు నుంచి ప్రాంతం పుట్టింది.

ఇంజినీర్లు ట్రాన్స్‌మిటర్ మారిస్తే అక్కడ మనుషుల చిరునామా కూడా మారేది. లింకన్‌షైర్‌లోని బెల్మాంట్ ట్రాన్స్‌మిటర్‌ని 1974లో ఆంగ్లియా కంపెనీ నుంచి తీసి యార్క్‌షైర్ కంపెనీకి ఇచ్చారు. ఇల్లు కదల్లేదు, యాంటెన్నా తిరగలేదు. సాయంత్రం వార్తల్లో మాత్రం వాళ్లు ‘యార్క్‌షైర్’ ప్రేక్షకులైపోయారు. మరోవైపు బిల్స్‌డేల్ టవర్ ఉన్నది యార్క్‌షైర్ ఉత్తరాన, అది ఇచ్చేది టైన్ టీస్ ప్రసారం. ఉన్నంతలో నిజాయితీగా పేరు పెట్టుకున్నది కార్లైల్ కంపెనీ. ఇంగ్లాండ్, స్కాట్లాండ్ రెండు వైపులకీ దాని సిగ్నల్ పడుతుంది కాబట్టి ‘బోర్డర్’ అని పెట్టుకుని ఊరుకుంది. 1999లో స్కాట్లాండ్‌కి సొంత పార్లమెంటు వచ్చాక ఆ ఒక్క బులెటిన్‌లో ఎవరి శాసనాల గురించి చదవాలన్న పేచీ మొదలైంది. సిగ్నల్ గీత మీద పెట్టిన పేరుకి ప్రభుత్వ గీత ఎదురైతే ఇంతే. ఆ పేచీ మనకు 2014లో వచ్చింది.

ఉపగ్రహం వచ్చి గుండ్రాన్ని చెరిపింది

తెలుగు పల్లెలకు టీవీ మొదట టవర్ నుంచి రాలేదు, ఆకాశం నుంచి వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ‘సైట్’ అనే ఉపగ్రహ బోధనా టీవీ ప్రయోగం నడిచింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలు, ఊరికో సెట్టు, దాని మీద కోళ్ల వలతో చేసిన మూడు మీటర్ల గొడుగు యాంటెన్నా. ఆంధ్రప్రదేశ్ అందులో ఒక ‘క్లస్టర్’, అంటే గ్రామాల గుంపు. పేరు రాష్ట్రానిదే గానీ పని భాష ప్రకారం సాగింది. హైదరాబాద్ స్టూడియోలో తెలుగు కార్యక్రమాలూ తీశారు, కర్ణాటక క్లస్టర్ కోసం కన్నడ కార్యక్రమాలూ తీశారు. ఉదయం బడి పిల్లల పాఠాలకు ఒక్కో భాషకి ఇరవై రెండున్నర నిమిషాలు. ఉపగ్రహం ఒకటే, సమయాన్ని భాషలు పంచుకున్నాయి. ప్రసార ప్రాంతం అంటే నేల మీద చోటు కాదు, గడియారంలో వాటా అన్న సంగతి మన దగ్గర అప్పుడే తేలింది.

1977లో హైదరాబాద్ కేంద్రం సొంత టవర్‌తో రోజూ ప్రసారాలు మొదలుపెట్టాక మళ్లీ గుండ్రం లెక్కే వచ్చింది. 1984లో కొన్ని నెలల పాటు దేశంలో సగటున రోజుకో ట్రాన్స్‌మిటర్ లేచింది. వాటిలో ఎక్కువ 100 వాట్ల చిన్నవి. ఊరి చుట్టూ 15 నుంచి 25 కి.మీ. అవి ఉపగ్రహం నుంచి ఢిల్లీ ప్రసారాన్ని దించుకుని తిరిగి చిమ్మేవి. దాంతో ఓ చిత్రం జరిగింది. జిల్లా కేంద్రంలో టవర్ ఉంటుంది, ఇంటింటా యాంటెన్నా ఉంటుంది, వచ్చేది మాత్రం హిందీ. హైదరాబాద్ తెలుగు వార్తలు చూసే భాగ్యం హైదరాబాద్ గుండ్రంలో ఉన్నవాళ్లకే. ‘ప్రాంతీయ ప్రసారం’ అన్న మాటకి అప్పట్లో అర్థం ప్రాంతం మొత్తం కాదు, రాజధాని చుట్టుపక్కల అని.

1990ల్లో ప్రాంతీయ భాషలకు ఉపగ్రహ ఛానళ్లు ఇచ్చాక ఈ చిక్కు విడిపోయింది. ముందు అంకెలు పెట్టారు: మలయాళానికి డీడీ-4, తమిళానికి 5, ఒడియాకి 6, బంగ్లాకి 7, తెలుగుకి 8, కన్నడానికి 9, మరాఠీకి 10, గుజరాతీకి 11. అంకె అందరికీ సమానమే, ఎవరికీ కోపం రాదు. కానీ అంకెలో మమకారం ఉండదు. పైగా కేబుల్ వాళ్లు తమ వరుసలో దాన్ని ఇంకో నంబరు మీద పెడతారు: డీడీ-8 పదిహేడో నంబరులో వస్తుంది, ఎనిమిదిలో ఇంకేదో వస్తుంది. ప్రైవేటు ఛానళ్లు పేర్లతో దూసుకొచ్చే వేళకి అంకె వట్టిపోయింది.

కొండ ఎందుకు

ఇక్కడే కొండలొచ్చాయి. పేరు పెట్టేవాళ్ల ఇరకాటం ఊహించుకోండి. ఊరి పేరు పెడితే మిగతా ఊళ్లు ఒప్పుకోవు; స్టూడియో హైదరాబాద్‌లో ఉందని ‘డీడీ హైదరాబాద్’ అంటే విశాఖ వాళ్లకేం సంబంధం? రాష్ట్రం పేరు పెడితే బళ్లారి, హోసూరు, బరంపురం తెలుగువాళ్లు బయట పడతారు. ఉపగ్రహం వాళ్ల మీదా పడుతోంది కదా. భాష పేరు పెడితే సరిపోతుంది గానీ అది పేరులా ఉండదు, ఫైలు మీద అతికించిన చీటీలా ఉంటుంది. కొండ పేరు ఈ మూడు ప్రశ్నల్లో దేనికీ నేరుగా జవాబు చెప్పదు. అయినా వినగానే ఎవరిదో తెలుస్తుంది.

తమిళానికి ‘పొదిగై’ ఎంచుకున్నది గొప్ప తెలివి. అగస్త్యుడు కూర్చుని తమిళాన్ని తీర్చాడని చెప్పుకునే మల అది. కొండ పేరు అన్నా భాష పేరు అన్నా అక్కడ ఒకటే. ఆ శ్రేణిలో పెద్ద శిఖరం అగస్త్యకూడం కేరళ వైపు, తిరువనంతపురం జిల్లాలో ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సహ్యాద్రి కూడా అంతే. ఆ కొండల వరుస మహారాష్ట్రతో ఆగదు, గోవా, కర్ణాటక మీదుగా కిందికి దిగుతుంది. కానీ ఆ మాట మీద హక్కు మరాఠీవాళ్లదే అన్నట్టు వాడుక నిలిచింది. కొండ పేరు పనిచేసేది భూగోళం వల్ల కాదు, జనం నోట్లో దానికున్న చనువు వల్ల.

సప్తగిరి అంటే శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. ఏడుకొండలవాడిని తెలుగునాట ఎవరూ పరాయి అనుకోరు, ఆదిలాబాద్ నుంచి కూడా మొక్కుకి వెళ్తారు. భక్తి వరకు అంతా బాగుంది. అయితే పొదిగైలాగా సప్తగిరికి భాషతో ముడి లేదు. దాని ముడి ఒక ఊరితో, రాష్ట్రానికి దక్షిణపు కొసన ఉన్న ఊరితో. రాష్ట్రం ఒక్కటిగా ఉన్నన్నాళ్లు ఆ తేడా బయటపడలేదు.

2014లో విభజన జరిగాక బయటపడింది. అదే ఏడాది హైదరాబాద్‌లోని రామంతపూర్ కేంద్రం నుంచి వచ్చే ఛానల్ ‘యాదగిరి’ అయింది. ‘సప్తగిరి’ పేరు విజయవాడ కేంద్రానికి వెళ్లింది. స్టూడియో, మనుషులు, టేపులు ఎక్కువగా ఉన్న చోట పేరు మారింది. పాత పేరేమో కొత్తగా పూర్తిస్థాయి ఛానల్ నడపాల్సిన చోటికి పోయింది. ప్రాంతం ఎటు పోతే పేరు అటు పోవాలన్నది ఇక్కడ పాటించిన సూత్రం. నా లెక్కన అది సరైనదే. హైదరాబాద్‌లో పాత పేరు ఉంచేసి విజయవాడకి కొత్తది ఇచ్చి ఉంటే, తిరుమల కొండలు తెలంగాణ ఛానల్ పేరుగా మిగిలేవి.

రెండు పేర్లూ అన్నదమ్ములకు పెట్టినట్టు ‘గిరి’తో ముగుస్తాయి, రెండూ వైష్ణవ క్షేత్రాలే. యాదగిరి మాత్రం ఇంకో పరీక్ష ఎదుర్కొంది. యాదగిరిగుట్టని కొన్నాళ్లు అధికారికంగా ‘యాదాద్రి’ అన్నారు; 2016లో ఏర్పడ్డ జిల్లాకి కూడా యాదాద్రి భువనగిరి అని పేరు పెట్టారు. 2024 నవంబర్‌లో గుడి పేరు తిరిగి యాదగిరిగుట్టే అని ప్రభుత్వం ప్రకటించింది. ఈ రాకపోకల్లో ఛానల్ పేరు కదల్లేదు. ఊరి పేరుని పూర్తిగా తీసుకోకుండా ‘గుట్ట’ని వదిలేసి జనం వాడే ముక్క తీసుకోవడం కలిసొచ్చింది.

పేరు మార్చాలంటే

చూసేవాళ్లకి తెర మూలన లోగో మారడమే కనిపిస్తుంది. ప్రైవేటు ఛానల్ అయితే ముందు కేంద్ర సమాచార ప్రసార శాఖ దగ్గర అప్‌లింకింగ్, డౌన్‌లింకింగ్ అనుమతి పత్రంలో పేరూ లోగో మార్పించుకోవాలి. ట్రేడ్‌మార్క్ మీద హక్కు చూపించాలి. ట్రేడ్‌మార్కుల వర్గీకరణలో ప్రసారానికి 38వ తరగతి, వినోద కార్యక్రమాలకు 41వ తరగతి. ఇక్కడే ప్రాంతాల పేర్లతో తంటా వస్తుంది. ‘తెలుగు’, ‘ఆంధ్ర’, ‘తెలంగాణ’ లాంటి మాటలు ఒక్కరి సొంతం కావు. ముందో వెనకో సొంత ముద్ర ఒకటి తగిలించక తప్పదు. ఛానల్ పేర్లు చాలావరకు రెండు ముక్కలుగా ఉండటానికి సగం కారణం ఇదే.

తర్వాత సిగ్నల్‌లో మార్పు. డిజిటల్ ప్రసారంలో బొమ్మతో పాటు సర్వీస్ డిస్క్రిప్షన్ టేబుల్ అనే చిన్న పట్టిక వస్తుంది. ప్రతి ఛానల్‌కి ఒక గుర్తింపు సంఖ్య, దాని పక్కన పేరు. ఈ పట్టికని కనీసం రెండు సెకన్లకోసారి పంపాలి. పేరు మార్చినప్పుడు పట్టిక వెర్షన్ సంఖ్యని కూడా ఒకటి పెంచాలి. అది మరిచిపోతే సెట్ టాప్ బాక్స్ తన దగ్గరున్నదే తాజాది అనుకుని పాత పేరే చూపిస్తుంది. ఇంట్లో రీస్కాన్ కొట్టేదాకా మారదు. గుర్తింపు సంఖ్యని కూడా మార్చేస్తే ఇంకా ఇబ్బంది: ఫేవరెట్లలో పెట్టుకున్న ఛానల్ మాయమవుతుంది. పేరుని తెలుగు లిపిలో పంపడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది గానీ చాలా బాక్సుల్లో ఆ ఫాంట్ ఉండదు, అక్షరాల బదులు గళ్లు పడతాయి. అందుకే తెలుగు ఛానళ్ల పేర్లు తెర మీది ఛానళ్ల జాబితా, అంటే గైడ్‌లో ఇప్పటికీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. తెరలో పట్టే అక్షరాలు కొన్నే కాబట్టి పొడుగు పేరైతే తోక తెగుతుంది. రాష్ట్రం పేరు చివర పెట్టిన ఛానళ్లకి ఇదొక ముప్పు. ఏది ఏ రాష్ట్రానిదో చెప్పాల్సిన ముక్కే తెగిపోతుంది.

చట్టం మాట కూడా ఒకటుంది. కేబుల్ టెలివిజన్ చట్టం 8వ సెక్షన్‌లోకి 2000 సవరణ తెచ్చిన వాక్యం ప్రకారం (2011లో ఆ సెక్షన్ మళ్లీ మారింది), కేబుల్ ఆపరేటరు తప్పనిసరిగా ఇవ్వాల్సి ఉండినవి కనీసం రెండు దూరదర్శన్ ఛానళ్లు, ‘ఒక రాష్ట్రపు ప్రాంతీయ భాషా ఛానల్’ ఒకటి. రాష్ట్రం, ప్రాంతం, భాష మూడూ ఒకే గొలుసులో. ఒక భాషకి ఒకే రాష్ట్రం ఉన్నప్పుడు ఈ వాక్యంలో చిక్కు కనబడదు. ఛానళ్లను వరుసగా పెట్టడానికి టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన 2017 నిబంధనలు మాత్రం ముందు రకాన్ని, ఆ లోపల భాషని చూస్తాయి, రాష్ట్రాన్ని చూడవు. దాంతో ప్రభుత్వ గీత మీద విడిపోయిన సప్తగిరి, యాదగిరి గైడ్‌లోకి రాగానే మళ్లీ తెలుగు అరలో పక్కపక్కన కూర్చుంటాయి.

ప్రైవేటు వాళ్లు ఈ మూడు గీతల్నీ లాభం లెక్కలో చూశారు. ఈటీవీ పాత ఛానళ్ల పేర్లు వరుసగా రాస్తే చాలు: బాంగ్లా, మరాఠీ, కన్నడ, గుజరాతీ అని భాషల పేర్లు కొన్ని; యూపీ, బీహార్, రాజస్థాన్ అని రాష్ట్రాల పేర్లు కొన్ని. సీరియల్‌కి భాష చాలు. వార్తకి ప్రభుత్వం కావాలి. కలెక్టరు ఎవరు, శాసనసభ ఏది అన్నదే వార్త. హిందీ రాష్ట్రాలకు భాష ఒకటే కాబట్టి వార్తల ఛానల్‌కి రాష్ట్రం పేరు తప్ప గతి లేదు. 2014లో తెలుగు కూడా ఆ వరుసలో చేరింది. ఈటీవీ-2 కాస్తా ఈటీవీ ఆంధ్రప్రదేశ్ అయింది, పక్కన ఈటీవీ తెలంగాణ వచ్చింది. వినోదపు ఈటీవీని మాత్రం ఎవరూ ముక్కలు చేయలేదు. సన్ నెట్‌వర్క్ ఈ గొడవలోకే రాలేదు: తమిళంలో సన్, కన్నడంలో ఉదయ, మలయాళంలో సూర్య, అన్నీ పొద్దు పేర్లే. తెలుగుకి మాత్రం ‘జెమిని’ ఉండిపోయింది.

ప్రకటనలు అమ్ముకునే మార్కెట్ల పేర్లు ఇంకో లోకం. రేటింగులిచ్చే బార్క్ లెక్కల్లో మనది ‘ఏపీ/తెలంగాణ’, ఒకే గడి. ప్రకటన తీసేది ఒకే తెలుగులో కాబట్టి విడగొట్టి లాభం లేదు. తమిళనాడుని పుదుచ్చేరితో కలిపి రాస్తారు. పుదుచ్చేరిలో భాగమైన యానాం చుట్టూ గోదావరి తెలుగు నేలే అన్న సంగతి ఆ పేరులో ఎక్కడా కనిపించదు. పంజాబ్, హర్యానా వైపు రాష్ట్రాలన్నిటినీ పొడి అక్షరాలతో కుదించి ‘పీహెచ్‌సీహెచ్‌పీ’ అంటారు. ప్రేక్షకుల నోట ఎన్నడూ పలకని పేర్లివి. ఏ ఊరివాళ్లూ మేం ఫలానా గడివాళ్లమని చెప్పుకోరు కాబట్టి వాటి మీద పేచీ కూడా రాదు.

ఈలోగా గుండ్రం పోయింది. ఏవో కొన్ని సరిహద్దు చోట్ల తప్ప దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి ఆపేశారు. ఇప్పుడు యాదగిరి డీడీ ఫ్రీ డిష్‌లో వస్తుంది. 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 వైపు గొడుగు తిప్పితే తడలోనూ వస్తుంది, సూరత్‌లోనూ వస్తుంది. సిగ్నల్ గీత చెరిగిపోయాక భాష, ప్రభుత్వం రెండే మిగిలాయి.

2024 జనవరిలో పొదిగైని తీసేసి ‘డీడీ తమిళ్’ అని పెట్టారు. అగస్త్యుడి మల దిగి నేరుగా భాష పేరుకి వచ్చారు. తమిళానికి అది తేలిక. ఒక భాష, ఒకటే దూరదర్శన్ ఛానల్. మనకి ఆ దారి మూసుకుపోయింది. కొండలు వద్దనుకుని ‘డీడీ తెలుగు’ అని పెట్టాలంటే, ఆ పేరు రామంతపూర్‌కి ఇవ్వాలా, విజయవాడకి ఇవ్వాలా?